కొట్టివేత కనబడాలి

"ఫోర్స్ పుష్ కొట్టెయ్. ఎవరికీ తెలీదు."

ఈ మాట అన్నది నేను. ఓ శుక్రవారం సాయంత్రం, బ్యాగు భుజాన వేసుకుని లిఫ్టు వైపు నడుస్తూ అన్నాను. అడిగింది ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైన అమ్మాయి. "అన్నా, సగం సగం పని పొరపాటున మెయిన్‌లోకి పుష్ చేసేశాను. ఇప్పుడేం చెయ్యాలి?" అంది. ఆ గొంతులో భయం నాకు కొత్త కాదు. చేరిన రోజుల్లో నాకూ ఉండేది. ఆ భయం పోగొడదామనే ఆ మాటన్నాను. నాలుగు సెకన్లలో సాయం చేసి, లిఫ్టెక్కి, ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను.

నాకు తెలియనిది ఒకటుంది. ఆమె పుష్ చేసిన గంటలోపే మా టీములోనే ఇంకో అబ్బాయి అదే మెయిన్ మీద మూడు కమిట్లు చేర్చాడు. ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బులు పోతున్నాయని కస్టమర్లు గోల పెడుతున్న సమస్యకి పరిష్కారం ఆ మూడు కమిట్లే. అవి పంపించి, లాప్‌టాప్ మూసి, చెల్లెలి పెళ్ళికి ఊరెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి కంప్యూటర్లో అవి లేవు. తన తప్పొక్కటే వెనక్కి తీసుకుంటున్నాననుకుని ఫోర్స్ పుష్ చేసింది. తప్పుతో పాటు ఆ మూడూ పోయాయి. ఆదివారం రాత్రి వెళ్ళిన రిలీజులో ఆ పరిష్కారం లేదు.

సోమవారం పొద్దున్నే మళ్ళీ రెండేసి కోతలు. మేనేజరు ఆ అబ్బాయికి ఫోన్ చేశాడు. "శుక్రవారమే పంపాను సార్" అన్నాడతను. వెనక సన్నాయి వినబడుతోంది. మేనేజరు హిస్టరీ తెరిచి చూశాడు. గురువారం తర్వాత ఏమీ లేదు. "ఇక్కడేం కనబడ్డం లేదే" అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఒకరు, పెళ్ళి హడావుడిలో మర్చిపోయుంటాడులే అన్నారు. ఇంకొకరు, పంపానని చెప్పేవాళ్ళందరూ పంపుతారా ఏంటి అన్నారు. ఏం జరిగిందో నాకు మధ్యాహ్నానికల్లా అర్థమైంది. నోరు తెరిచి చెప్పింది మాత్రం మర్నాడు. ఆ ఒక్క రోజు అతను మా అందరి దృష్టిలో అబద్ధాలకోరు. రికార్డు అలా చెప్పింది మరి. రికార్డు చేత అలా చెప్పించింది మేము.

అందుకని నా వాదన మొదట్లోనే చెప్పేస్తాను. నలుగురి చేతుల్లోకి వెళ్ళిపోయిన చరిత్రలో తప్పు దొర్లితే దాన్ని చెరపకూడదు. తప్పుని తప్పుగా ఉండనిచ్చి, దాని కింద దిద్దుబాటు రాయాలి. "హిస్టరీ నీట్‌గా ఉండాలి" అనే పేరుతో మా వృత్తిలో చెలామణీ అయ్యే ఫోర్స్ పుష్‌లలో ఎక్కువ భాగం సిగ్గుని దాచుకునే ప్రయత్నాలే. ఆ సిగ్గు ఖరీదు పక్కవాడు కడతాడు.

సాఫ్ట్‌వేర్‌తో పని లేని పాఠకుల కోసం కాస్త వివరంగా చెప్తాను. గిట్ అనేది పదిమంది కలిసి ఒకే ప్రోగ్రామును రాసుకునేటప్పుడు ఎవరు ఏం మార్చారో దాచిపెట్టుకునే పద్ధతి. లినక్స్ కెర్నెల్ పనికి అంతవరకూ వాడుతున్న బిట్‌కీపర్ ఉచితంగా దొరకడం ఆగిపోయేసరికి, 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టాడు. ఇందులో ఒక్కో అడుగునీ కమిట్ అంటారు. ఆ అడుగు దగ్గర ఫైళ్ళన్నీ ఎలా ఉన్నాయి, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు, దానికి ముందున్న కమిట్ ఏది, ఇవన్నీ కమిట్‌లో ఉంటాయి. వీటన్నిటినీ కలిపి లెక్కగడితే 40 అక్షరాల గుర్తు ఒకటి వస్తుంది. దాన్ని హాష్ అంటారు. ముందున్న కమిట్ హాష్ కూడా ఆ లెక్కలో భాగమే. కాబట్టి ఎక్కడో వెనక ఒక కామా మార్చినా సరే, అక్కణ్ణుంచి ఇటువైపున్న ప్రతి కమిట్‌కీ కొత్త హాష్ వస్తుంది.

దీని అర్థం ఆలోచించండి. గిట్‌లో గతాన్ని సవరించడమంటూ ఉండదు. పాత గతాన్ని పక్కన పడేసి, ఇంకో గతాన్ని తయారుచేసి, దానికి పాతదాని పేరు తగిలించడమే ఉంటుంది. ఆ పాత గతం మీద ఆధారపడి ఎవరెవరు ఏమేం కట్టుకున్నారో వాళ్ళందరి కాళ్ళ కిందా నేల మారిపోతుంది.

ఇది ప్రమాదమని గిట్‌కి తెలుసు. అందుకే మామూలు పుష్ దీన్ని ఒప్పుకోదు. నీ దగ్గర లేని పని అక్కడుంది, ముందు అది తెచ్చుకో అని వెనక్కి పంపేస్తుంది. ఆ మాట వినకుండా "నేను చెప్తున్నా కదా, పెట్టు" అనడమే ఫోర్స్ పుష్. ఆ శుక్రవారం మామూలు పుష్ ఒక్కసారి ప్రయత్నించి, వచ్చిన సందేశం చదివుంటే ఆ మూడు కమిట్ల సంగతి అప్పుడే బయటపడేది. ఆమెకి చదివే అవసరం లేకుండా చేసింది నా అనుభవం.

ఇంకో తమాషా ఏంటంటే, ఫోర్స్ పుష్‌తో తప్పు పోతుందన్న నమ్మకం కూడా లేదు. మీరు చెరిపేసేలోపు ఎవరో ఒకరు పాత చరిత్రని తెచ్చుకునే ఉంటారు. రేపు వాళ్ళు కొత్తదాన్ని తెచ్చుకుని తమ దగ్గరున్నదానితో మెర్జ్ చేసి పుష్ చేస్తే, మీరు పాతిపెట్టిన కమిట్ నడుచుకుంటూ మళ్ళీ మెయిన్‌లోకి వస్తుంది. ఈసారి అది ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎందుకు తీసేశారో చెప్పే ఆధారం ఎక్కడా ఉండదు. మీ సొంత కంప్యూటర్లో కూడా అది చావదు. మీరు తిరిగిన ప్రతి చోటునీ గిట్ రిఫ్లాగ్ అనే పద్దులో రాసుకుంటుంది. మీరు వదిలేసిన కమిట్ల తాలూకు పద్దుని కూడా మామూలుగా 30 రోజులు ఉంచుతుంది. అంటే మీకూ గిట్‌కీ తప్పు గురించి తెలుస్తూనే ఉంటుంది. తెలియకుండా పోయేది మీతో కలిసి పనిచేసేవాళ్ళకి మాత్రమే.

మరి ఏం చెయ్యాలి? ఆ రోజు నేను చెప్పాల్సిన మాట "రివర్ట్ చెయ్యి" అని. అంతే. గిట్ రివర్ట్ అనే ఆజ్ఞ తప్పు కమిట్‌ని ముట్టుకోదు. అందులో ఏయే వరుసలు చేరాయో చూసి తీసేస్తుంది, ఏవి పోయాయో చూసి తిరిగి పెడుతుంది. ఆ తిరుగుపనిని చివర్లో ఓ కొత్త కమిట్‌గా చేరుస్తుంది. మధ్యలో ఎవరెన్ని కమిట్లు చేర్చినా అవి అలాగే ఉంటాయి. మామూలు పుష్‌తోనే వెళ్ళిపోతుంది. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరి లాప్‌టాపూ పాడవదు. ఆ శుక్రవారం ఆమె మెయిన్‌లోని కొత్త పని తెచ్చుకుని రివర్ట్ చేసుంటే ఆ మూడు కమిట్లూ క్షేమంగా ఉండేవి. అతను పెళ్ళిలో ప్రశాంతంగా ఉండేవాడు.

రివర్ట్ సులువని నేను అబద్ధం చెప్పను. తప్పు జరిగాక అవే వరుసల్ని ఇంకెవరో మార్చి ఉంటే గిట్ చేతులెత్తేస్తుంది. ఏది ఉంచాలో, ఏది తియ్యాలో మీరే కూర్చుని చూసుకోవాలి. మెర్జ్ కమిట్‌ని వెనక్కి తియ్యడం ఇంకా పేచీ. రెండు దారులు కలిసిన చోటు కాబట్టి, వాటిలో ఏది అసలు దారో మీరు చెప్పాలి. తర్వాత ఆ బ్రాంచిని బాగుచేసి మళ్ళీ కలపబోతే, పాత కమిట్లన్నీ ఇదివరకే వచ్చేశాయి కదా అనుకుని గిట్ వాటిని తీసుకురాదు. చేసిన రివర్ట్‌ని ముందు రివర్ట్ చెయ్యాలి. వినడానికి నవ్వొస్తుంది. మొదటిసారి ఇందులో ఇరుక్కున్న రోజు నేనూ తల పట్టుకున్నాను. కానీ ఈ కష్టమంతా ఎవరు పడుతున్నారో గమనించండి. తప్పు చేసినవాడు పడుతున్నాడు. ఫోర్స్ పుష్‌లో తప్పు చేసినవాడికి ఒక్క క్షణం పని, మిగతా అందరికీ ఒక పూట తలనొప్పి. ఆ భారం ఎవరి నెత్తిన పడాలన్నదే నాకు ముఖ్యమైన ప్రశ్న.

ఇప్పుడు అవతలి వాదన. శుభ్రతావాదులు మూర్ఖులేం కాదు. వాళ్ళనేది ఇది: హిస్టరీ తర్వాత వచ్చేవాళ్ళు చదువుకునే కథ. ఫలానా వరుస ఎందుకుందో అని రెండేళ్ళ తర్వాత వెతికేవాడికి "చేర్చాను", "తీసేశాను", "మళ్ళీ చేర్చాను" అని చెత్తంతా అడ్డొస్తే ఎలా? బగ్ ఎప్పుడు పుట్టిందో వెతికే గిట్ బైసెక్ట్ లాంటి పనిముట్లకి కూడా మధ్యలో పనిచెయ్యని కమిట్లుంటే ఇబ్బందే కదా?

నిజమే. అందుకే పంచుకోకముందు ఎంతైనా సర్దుకోండి. మీ సొంత బ్రాంచి, ఇంకెవరూ ముట్టుకోనిది, మీ చిత్తుప్రతి. అక్కడ రీబేస్ చెయ్యండి, పది కమిట్లని రెండుగా కుదించండి, సందేశాలు తిరగరాయండి. రచయిత తన బల్ల మీద ఎన్ని కాగితాలు చింపినా పాఠకుడికి సంబంధం లేదు. లినస్ టోర్వాల్డ్స్ కెర్నెల్ మెయింటైనర్లకి చెప్తూ వచ్చిన నియమం కూడా దాదాపు ఇదే. సొంత పనిని బయటపెట్టకముందు ఎలాగైనా సర్దుకో, బయటపెట్టాక ముట్టుకోకు, వేరేవాళ్ళ పనిని ఎప్పుడూ తిరగరాయకు. గీత గీయాల్సింది శుభ్రతకీ మురికికీ మధ్య కాదు. నీదీ మనదీ మధ్య. పుష్ చేసిన మరుక్షణం అది మనదైపోతుంది. శుభ్రతావాదులు ఈ గీత దగ్గరే కళ్ళు మూసుకుంటారు. తమ గది ఊడ్చుకునే హక్కుని ఊరి బజారు దాకా పొడిగిస్తారు.

పైగా వాళ్ళు చెత్త అనేది నిజంగా చెత్తేనా? ఒక పద్ధతి ప్రయత్నించాం, విఫలమైంది, వెనక్కి తీసుకున్నాం. ఈ మూడు ముక్కలూ హిస్టరీలో లేకపోతే, ఏడాది తర్వాత చేరిన కుర్రాడు అదే పద్ధతిని కొత్త ఆలోచన అనుకుని మళ్ళీ ప్రయత్నిస్తాడు. మళ్ళీ అదే గోతిలో పడతాడు. మేము చెరిపేసింది మా తప్పుని మాత్రమే కాదు, అతనికి అందాల్సిన హెచ్చరికని కూడా.

ఈ సంగతి మా వృత్తి కంటే పాత వృత్తులకి ఎప్పుడో తెలుసు. మా నాన్న కొన్న స్థలం దస్తావేజులో తూర్పు హద్దు, పడమర హద్దు తారుమారు పడ్డాయి. ఇంటికొచ్చాక చూసుకున్నారు. మర్నాడు వెళ్ళి, "ఒక్క ముక్కే కదండీ, దిద్ది సంతకం పెట్టించెయ్యండి" అన్నారు. దస్తావేజు లేఖరి నవ్వి, "ఇది బళ్ళో కాపీ పుస్తకమా సార్, రిజిస్టరైపోయింది" అన్నాడు. అమ్మినాయన్ని మళ్ళీ బతిమాలి తీసుకొచ్చి, సవరణ దస్తావేజు రాయించి, దాన్నీ రిజిస్టర్ చేయించాల్సి వచ్చింది. ఇవాళ్టికీ ఆ స్థలం కాగితాలంటే రెండూ కలిపే. ఈసీ తీస్తే రెండూ కనబడతాయి. నాన్న అప్పట్లో విసుక్కున్నారు గానీ, ఒకసారి ఊహించండి. రిజిస్టరైన దస్తావేజుని ఎవరికీ తెలియకుండా "నీట్‌గా" దిద్దెయ్యగలిగే దేశంలో ఎవరి స్థలం ఎవరిది? నాన్న హద్దు దిద్దుకోగలిగిన తలుపులోంచే ఇంకొకడొచ్చి నాన్న పేరు దిద్దగలడు.

లెక్కలు రాసేవాళ్ళదీ ఇదే ధర్మం. పద్దు తప్పుపడితే గీకి చెరపరు. దానికి ఎదురు పద్దు వేస్తారు, తర్వాత సరైన పద్దు రాస్తారు. కంప్యూటర్లొచ్చాక ఈ మర్యాద కాస్త సడలిందేమో, చట్టం కల్పించుకోవాల్సి వచ్చింది. మన దేశంలో కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎప్పుడు జరిగిందో నమోదు చేసే ఆడిట్ ట్రెయిల్ ఉండాలి, దాన్ని ఆపెయ్యడానికి వీల్లేకుండా ఉండాలి అన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ రాసేదీ మా లాంటివాళ్ళే. కిరాణా హోల్‌సేల్ కంపెనీ గుమాస్తాకి వర్తించే నీతి మాకు మాత్రం ఎందుకు వర్తించదు?

మినహాయింపులు లేవా అంటే, ఉన్నాయి. పాస్‌వర్డో, ఏపీఐ కీనో పుష్ అయిపోయిందనుకోండి. రివర్ట్ చేస్తే సరిపోదు, పాత కమిట్‌లో అది భద్రంగా కూర్చునే ఉంటుంది. కానీ అక్కడ కూడా మొదటి పని ఫోర్స్ పుష్ కాదు. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడం. అది ఒక్క నిమిషం బయట ఉన్నా ఎవరి చేతికైనా చిక్కి ఉండొచ్చు. చరిత్రని చెరిపేసి, కీ మార్చకుండా నిశ్చింతగా ఉన్నవాళ్ళని చూశాను. తాళంచెవి నకలు దొంగ జేబులో ఉండగా ఇంట్లో తాళంచెవిని దాచుకోవడం అది. కీ మార్చాక, పెద్ద పెద్ద ఫైళ్ళు పొరపాటున చేరి రెపో ఉబ్బిపోయినప్పుడు, చరిత్ర తిరగరాయక తప్పదనిపిస్తే తిరగరాయండి. అయితే అందరికీ ముందే చెప్పి, ఓ రోజు పెట్టుకుని, అందరి పనీ లోపలికి వచ్చాక, తర్వాత ఎవరేం చేసుకోవాలో రాసిచ్చి చెయ్యండి. ఫోర్స్ పుష్‌లో ఉన్న పాపం పనిముట్టుది కాదు, చాటుమాటుది.

ఇంకో మినహాయింపు నన్ను నిజంగా ఆలోచనలో పడేస్తుంది. పేరు మార్చుకున్నవాళ్ళ సంగతి. తాను వదిలేసుకున్న పాత పేరు వందల కమిట్ల మీద ఎప్పటికీ ఉండిపోవడం కొందరికి చిరాకు కాదు, గాయం. మెయిల్‌మ్యాప్ అనే చిన్న ఫైలు పెడితే హిస్టరీ చూసేటప్పుడు కొత్త పేరు కనబడేలా చెయ్యొచ్చు, ఒక్క హాష్ కూడా మారదు. కానీ అడుగున పాత పేరు ఉంటుంది. చాలు అనేవాళ్ళుంటారు, చాలదు అనేవాళ్ళుంటారు. ఆ గాయం తగలనివాడిగా ఇక్కడ తీర్పు చెప్పడానికి నాకు నోరు రాదు. సిగ్గు దాచుకోవడానికి చెరపడం వేరు, ఒక మనిషి గౌరవం కోసం అందరూ తెలిసి ఒప్పుకుని తిరగరాయడం వేరు అని మాత్రం అంటాను.

వీటిని చూపించి మొత్తం నియమాన్నే కొట్టిపారేసేవాళ్ళకి ఒకటే సమాధానం. మేము రోజువారీ చేసే ఫోర్స్ పుష్‌లలో ఈ మినహాయింపుల కిందకి వచ్చేవి ఎన్ని? కమిట్ సందేశంలో అక్షరదోషం పడింది, ఫోర్స్ పుష్. టెస్ట్ ఫెయిలైంది, ఎవరైనా చూసేలోపు ఫోర్స్ పుష్. సందేశంలో తప్పుంటే ఉండనివ్వండి, మరీ అవసరమైతే గిట్ నోట్స్‌తో కమిట్‌ని ముట్టుకోకుండానే దానికి చీటీ అంటించొచ్చు. "ఫోర్స్ విత్ లీజ్ వాడుతున్నాం కదా, అది సురక్షితం" అంటారు ఇంకొందరు. బ్రాంచి నేను చివరిసారి చూసిన చోటే ఉంటేనే తోసెయ్యి, కదిలితే ఆగు అని చెప్పడం అది. మా శుక్రవారాన్ని అది ఆపగలిగేదే. కానీ మీ ఎడిటరు మీకు చెప్పకుండా వెనక నుంచి కొత్త సమాచారం తెచ్చుకుంటూ ఉంటే, మీరు చూడనిది కూడా చూసినట్టే లెక్క. సీటు బెల్టు మంచిదే. ఎదురుదారిలో బండి నడపడానికి అది లైసెన్సు కాదు.

పెద్దవాళ్ళకీ జరిగిందిది. 2013 నవంబరులో జెంకిన్స్ ప్రాజెక్టు మీద పొరపాటున జరిగిన ఒక ఫోర్స్ పుష్ 180కి పైగా రెపోల బ్రాంచిలని పాత స్థితికి నెట్టేసింది. గిట్‌హబ్ వాళ్ళ సాయంతో తిరిగి తెచ్చుకున్నారు. నాకు అందులో నచ్చింది తర్వాత జరిగింది. ఏమైందో, ఎందుకైందో ఆ ప్రాజెక్టు వాళ్ళు బహిరంగంగా రాసి పెట్టారు. దాన్ని కూడా చెరిపేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. అందుకే ఇవాళ నేను దాన్ని ఉదాహరణగా చెప్పగలుగుతున్నాను.

సాహిత్య పత్రికలో ఈ కమిట్ల గోలేంటని ఇంతదాకా చదివినవాళ్ళెవరైనా అడిగితే, ఇప్పుడు మన ఇంటి సంగతికొస్తాను. అచ్చు పుస్తకాల రోజుల్లో చివరి పేజీలో తప్పొప్పుల పట్టిక ఉండేది. ఫలానా పుట, ఫలానా పంక్తి, ఇలా ఉన్నది ఇలా చదువుకోవాలి అని. ముద్రారాక్షసం మన సొంత రాక్షసుడు, అతన్ని దాచాలని ఎవరూ అనుకోలేదు. పెద్ద మార్పులుంటే రెండో కూర్పు వేసేవారు, అది రెండో కూర్పని అట్ట మీదో లోపలో చెప్పేవారు. ఇప్పుడు చదివేదంతా తెర మీదే. సంపాదకుడి చేతిలో ఒక బటన్ ఉంది. దాన్ని నొక్కితే నిన్నటి వ్యాసంలో వాక్యం మాయమవుతుంది, దాని చోట ఇంకో వాక్యం ఉంటుంది, తేదీ మాత్రం పాతదే ఉంటుంది. అది ఫోర్స్ పుష్ కాక ఇంకేంటి?

అచ్చుతప్పు దిద్దితే నాకేం అభ్యంతరం లేదు. ఒక పుస్తకం వచ్చిన ఏడాది తప్పు రాశారనుకోండి, ఒక రచయిత అనని మాటని అన్నట్టు రాశారనుకోండి, ఒక కులాన్నో ప్రాంతాన్నో చిన్నచూపు చూసే వాక్యం రాశారనుకోండి. ఎవరో ఒక పాఠకురాలు కింద అభిప్రాయాల్లో నిలదీస్తుంది. రెండో రోజుకి ఆ వాక్యం ఉండదు. ఆమె అభిప్రాయం మాత్రం ఉంటుంది. మూడో రోజు వ్యాసం చదివినవాళ్ళు కిందకొచ్చి, ఈవిడ ఏ వాక్యం గురించి మాట్లాడుతోంది, వ్యాసం సరిగ్గా చదివిందా అసలు అనుకుంటారు. చూశారా, మళ్ళీ అదే కథ. రికార్డు మార్చినవాడు పెద్దమనిషి. నిజం చెప్పినవాళ్ళు అబద్ధాలకోర్లు, లేదా అర్థంపర్థం లేకుండా గొడవ పడేవాళ్ళు. పెళ్ళి పందిట్లో ఫోన్ పట్టుకుని "పంపాను సార్" అంటున్న అబ్బాయికీ, ఆ పాఠకురాలికీ జరిగింది ఒకటే అన్యాయం.

దీనికి పెద్ద సాంకేతిక విద్యలు అక్కర్లేదు. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఇదే పని చేస్తోంది. ప్రతి పేజీకీ చరిత్ర ఉంటుంది, ఎవరు ఏ దిద్దుబాటు చేశారో, ఎవరు రద్దు చేశారో ఎవరైనా చూడొచ్చు. జీతాలు లేని వికీపీడియన్లు పాటించే మర్యాద, సాహిత్య విలువల గురించి పేజీలు పేజీలు రాసే మనం పాటించలేమా? వ్యాసం చివర ఒక్క వరుస చాలు: ఫలానా తేదీన మూడో పేరాలో ఈ వాక్యం మార్చాం, ముందు ఇలా ఉండేది, ఫలానా పాఠకురాలు చెప్పాక సరిచేశాం. ఆ వరుస రాయడానికి చెయ్యి రావడం లేదంటే అది స్థలం సమస్య కాదు.

సిగ్గు సమస్య. మొదట్నుంచీ నేను చెప్తున్నది దాని గురించే. తప్పు కనబడితే పరువు పోతుందన్న భయం ఆ కొత్తమ్మాయికి ఎక్కణ్ణుంచి వచ్చింది? మమ్మల్ని చూసి వచ్చింది. పదేళ్ళ అనుభవమున్న మేము హిస్టరీలో ఒక్క తప్పడుగు కూడా లేకుండా సర్దుకుని కూర్చుంటే, వీళ్ళు తప్పులే చెయ్యరు కాబోలు అనుకుంటుంది. తను చేసిన మొదటి తప్పుకి వణికిపోతుంది. ఆ వణుకులోంచే ఇంకో ఫోర్స్ పుష్ పుడుతుంది. పెద్దవాళ్ళ రివర్ట్‌లు కనబడే చోట చిన్నవాళ్ళు ధైర్యంగా అడుగుతారు, "అన్నా, తప్పైపోయింది" అని. అడగగలగడమే ఏ టీముకైనా అసలు భద్రత.

పెళ్ళి నుంచి వచ్చాక ఆ అబ్బాయి లాప్‌టాప్ తెరిస్తే మూడు కమిట్లూ అందులో భద్రంగా ఉన్నాయి. మళ్ళీ పుష్ చేశాడు. నేను క్షమాపణ అడిగాను. "పర్లేదు సార్" అన్నాడు. అంతకుముందు నన్ను అన్నా అనేవాడు. ఇప్పుడు మా మెయిన్ బ్రాంచికి ఎవరూ ఫోర్స్ పుష్ చెయ్యలేరు. సెట్టింగుల్లో ఒక టిక్కు, రెండు నిమిషాల పని, ఆ శుక్రవారానికి ముందే చెయ్యాల్సింది. ఆ తర్వాత ఓసారి నేనే మెయిన్‌ని విరగ్గొట్టాను. రివర్ట్ చేశాను. గిట్ దానంతటదే ఇచ్చే సందేశంలో ఏ కమిట్‌ని వెనక్కి తీశామో ఉంటుంది గానీ ఎందుకో ఉండదు. ఆ ఎందుకు అన్నది మనమే రాయాలి. "టెస్ట్ చెయ్యకుండా తొందరపడ్డాను, సున్నా మొత్తం ఉన్న బిల్లుల దగ్గర ఆగిపోతోంది" అని రాశాను. ఆ అమ్మాయి చూసి, "అన్నా, ఇది ఇంక ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుంది కదా" అంది. ఉండనీ అన్నాను.

ఈ వ్యాసంలోనూ తప్పులుంటాయి. ఎవరైనా చూపించినప్పుడు సంపాదకులకి నా విన్నపం ఒక్కటే. ఆ వాక్యాన్ని మాయం చెయ్యకండి. దాని మీద గీత కొట్టి, కింద సరైనది రాసి, తేదీ వెయ్యండి. నా పేరు కూడా.